గరాటా మైకుల కొట్టు నుంచి పూణే సౌండు కోర్సు దాకా: నా పదకొండున్నర నెలలు

సెప్టెంబర్ 9న కుల ధ్రువీకరణ పత్రం కోసం తొలిసారి తహసీల్ కార్యాలయం మెట్లు ఎక్కాను. మరుసటి ఏడాది ఆగస్టు 22న పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. ఈ పదకొండున్నర నెలల్లో సినిమా గురించి, శబ్దం గురించి నన్ను ఎవరైనా అడిగినదంతా కలిపినా రెండు రోజులు కాదు. మిగతాదంతా కాగితాలు, రైళ్ళు, ఎదురుచూపులు. పరీక్షకు ఏమి చదవాలో, ఏ సినిమాలు చూడాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. కాగితాల సంగతి ఎవరూ చెప్పరు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా. పర్లాకిమిడికి ఆటోలో వెళ్ళి వచ్చేంత దూరంలో ఉంటాం. సరిహద్దు దాటితే పాతపట్నం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. నాన్నది మైకు సెట్టు కొట్టు. పద్నాలుగు గరాటా లౌడ్‌స్పీకర్లు, రెండు యాంప్లిఫయర్లు, అటక నిండా వైరు చుట్టలు. పెళ్ళిళ్ళు, జాతరలు, రథయాత్ర, ఎన్నికలు వస్తే అన్ని పార్టీలూ. ఆరో తరగతి నుంచి వైరు చుట్టడం నా పని. బొటనవేలికీ మోచేతికీ మధ్య ఎనిమిది అంకెలా చుట్టాలి. గుండ్రంగా చుడితే మెలిక పడి, లోపల రాగి తీగ తెగుతుంది. తెగింది ఎక్కడో పైకి కనబడదు. పెళ్ళి పందిట్లో పురోహితుడి గొంతు ఆగిపోయినప్పుడే తెలుస్తుంది.

బి.ఎస్సీ. అయ్యాక ఒక ఏడాది కొట్లోనే ఉన్నాను. శబ్దానికి కూడా చదువు ఉందని, అది పూణేలో, కోల్‌కతాలో చెబుతారని తెలిసింది అప్పుడే. ఫోనులో వివరాలు చదివాను. అప్పుడు పూణేలో రెండు విభాగాలు. సినిమా విభాగంలో మూడేళ్ళ కోర్సులు: దర్శకత్వం, ఛాయాగ్రహణం, ఎడిటింగ్, శబ్దం, కళా దర్శకత్వం. టీవీ విభాగంలో ఒక్క ఏడాది కోర్సులు: దర్శకత్వం, కెమెరా, వీడియో ఎడిటింగ్, సౌండ్ రికార్డింగుతో కలిపి టీవీ ఇంజినీరింగ్. సౌండుకు డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు గానీ, ప్లస్ టూలో ఫిజిక్సు ఉండి తీరాలి. ఈ ఒక్క వాక్యం దగ్గర మా చిన్నాన్న కొడుకు ఆగిపోయాడు. నాకంటే మంచి చెవి వాడిది, కానీ ప్లస్ టూ ఆర్ట్స్‌లో చదివాడు. దరఖాస్తు నింపబోయేవాళ్ళు ముందు ఇదే చూసుకోండి.

కేంద్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి ఓబీసీ రిజర్వేషన్ ఉంది. అందుకే సెప్టెంబర్ 9న ఆ మెట్లు ఎక్కాను. పదిహేడు రోజులకు పత్రం చేతికొచ్చింది. ప్లాస్టిక్ కవరు కొని అందులో పెట్టుకుని ఇంటికి వచ్చాను. అక్టోబర్ రెండో వారంలో పూణేవాళ్ళ నమూనాతో పక్కపక్కన పెట్టి చూస్తే గుండె జారిపోయింది. నేను తెచ్చుకున్నది ఎస్ఈబీసీ, అంటే సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన తరగతుల పత్రం. ఒడిశాలో రాష్ట్ర అవసరాలకు చెల్లేది అదే. కేంద్ర సంస్థలకు ఓబీసీ పత్రం వేరు, దాని నమూనా వేరు, అందులో క్రీమీలేయరు, అంటే వెనకబడిన తరగతుల్లో కలిగినవాళ్ళ కోవ, కాదన్న మాట ఉండాలి. తప్పు నాదే. అడగవలసింది అడగలేదు, అడిగింది వాళ్ళు ఇచ్చారు. ఆంధ్రలో ఉన్న మేనత్తను అడిగితే "మాకు అలాంటి తేడా ఏమీ తెలియదే" అంది. అవతలివాళ్ళ సలహా ఇవతలి కాగితాలకు పనికిరాదు. సరిహద్దులో ఉన్నవాళ్ళకు ఇది జీవితమంతా తెలుస్తూనే ఉంటుంది, అయినా ప్రతిసారీ మరిచిపోతాం.

రెండోసారి దరఖాస్తు పెడితే పేరు దగ్గర చిక్కుపడింది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒడియావాళ్ళ పద్ధతిలో ఇంటిపేరు చివర ఉంది. ఆధార్‌లో మన పద్ధతిలో ముందుంది. డిగ్రీలో ఒక్క అక్షరంగా కుదించుకుపోయింది. మూడు కాగితాల్లో ముగ్గురు అమ్మాయిలు. గుమస్తా పెద్దాయన కళ్ళద్దాలు పైకి తోసుకుని మూడూ చూసి, ఒడియాలో "వీళ్ళలో నువ్వు ఎవరమ్మా?" అన్నారు. నవ్వు రాలేదు నాకు అప్పుడు. ముగ్గురూ ఒకరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించుకు రమ్మని ఆయనే చెప్పారు. స్టాంపు కాగితం, టైపు, నోటరీ కలిపి 350 రూపాయలు. ఆ అఫిడవిట్ తర్వాత నాలుగు చోట్ల కాపాడింది. నకళ్ళు పదయినా తీసి పెట్టుకోండి. నేను రెండే తీసి, పూణేలో వానలో జిరాక్సు కొట్టు వెతుక్కున్నాను.

ఓబీసీ పత్రం రావడానికి ముప్పైమూడు రోజులు పట్టింది. దరఖాస్తు గడువు ఇంకా మూడు రోజులుందనగా వచ్చింది. ఫీజు కట్టాను. అది నాన్నకు ఒక పెళ్ళి రాత్రికి మిగిలే డబ్బు.

నేను రాసిన ఏడాది పూణే, కోల్‌కతా సంస్థలు రెండింటికీ కలిపి ఒకటే ప్రవేశ పరీక్ష. నాకు భువనేశ్వర్‌లో పడింది, డిసెంబరు మూడో వారంలో ఆదివారం నాడు. శనివారం ఉదయం బస్సెక్కి బరంపురం, అక్కడి నుంచి రైలు. లాడ్జి గదికి 700. ఆడపిల్ల ఒంటరిగా గది అడిగితే రెండు లాడ్జీలు లేదన్నాయి. మూడో దానిలో హాల్ టికెట్ చూపించాక ఇచ్చారు. అమ్మ కట్టిన పులిహోర పొట్లం లేకపోతే ఆ రాత్రి పస్తే.

పరీక్ష మూడు గంటలు, వంద మార్కులు. సగం మార్కులు గుర్తుపట్టే ప్రశ్నలకు, సగం రాయవలసిన వాటికి. ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయాలి. నా తలలో ఈ పని అంతా తెలుగులో ఉంది. మైకు కూయడం, గరాటా పగలడం, గొంతు గీరుకుపోవడం, మోత, గుర్రు, చిటపట. వీటికి ఇంగ్లీషు మాటలు వెతుక్కునేసరికే పావుగంట పోయింది. ప్రశ్నలు ఇక్కడ రాయను. ఫిజిక్సు నేను భయపడినంత లేదు. చూపులేని మనిషికి చెప్పినట్టు ఒక చోటును శబ్దాలతో చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం పెన్ను పరుగెత్తింది. తెల్లవారుజామున, అందరూ వెళ్ళిపోయాక, పెళ్ళి పందిరి విప్పుతున్న చప్పుళ్ళు రాశాను. వెదుళ్ళు నేల మీద పడటం, గంగాళం ఈడ్చడం, ఎవరో దగ్గడం, ఆఫ్ చేయడం మరిచిపోయిన యాంప్లిఫయరు సన్నగా గుయ్యిమనడం. బయటికి వచ్చాక చేతులు వణికాయి. అది చలికా, భయానికా తెలియలేదు.

తర్వాత పన్నెండు వారాలు ఏ కబురూ లేదు. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, నేను మొదటి నెలంతా రోజుకు నాలుగుసార్లు ఫోను తెరిచి చూసి ఆరోగ్యం పాడుచేసుకున్నాను. జనవరిలో నాన్న చూడలేక, "ఫోను ఉందిగా అమ్మలూ, ఏదైనా రికార్డు చేసుకో" అన్నాడు. పర్లాకిమిడిలో కొమ్ము పని చేసే ఒకాయన కొట్టుకు బాగా తెలిసినవాడు. ఆయన ఇంటికి వెళ్ళి కూర్చున్నాను.

ఆవు కొమ్ముతో, గేదె కొమ్ముతో కొంగలు, చేపలు, దువ్వెనలు చేస్తారు. కొమ్మును వేడి చేస్తే మెత్తబడుతుంది. అప్పుడు ఒత్తి కావలసిన వంపు తెస్తారు. జుట్టు కాలిన వాసన గది నిండా కమ్ముకుంటుంది. ఆకురాయి పెట్టి రాస్తుంటే మొదట గరగర మంటుంది. కొమ్ము పలచబడేకొద్దీ ఆ గరగర సన్నబడుతూ పోతుంది. ఆయన కళ్ళతో కాక చెవితో పని ఆపుతున్నాడని రెండో గంటలో గానీ నాకు తెలియలేదు. "ఇంకొక్కసారి రాస్తే చిట్లుతుంది" అని ఆకురాయి పక్కన పెట్టేశాడు. దగ్గరగా ఒకటి, గుమ్మం బయట నుంచి ఒకటి, పక్క గదిలో నుంచి ఒకటి, మూడు రికార్డింగులు తీసుకున్నాను. ఎవరూ అడగలేదు, ఎక్కడా పెట్టలేదు. కానీ ఇంటర్వ్యూలో నాకు నోరు పెగిలింది దాని వల్లనే.

మార్చి మధ్యలో జాబితా వచ్చింది. సినిమా సౌండు, టీవీ సౌండు రెండింటికీ పిలుపు. మే నెలలో పూణే.

శ్రీకాకుళం రోడ్డులో సాయంత్రం కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు అర్ధరాత్రి ప్రాంతంలో పూణే. స్లీపరుకు ఏడు వందలకు కాస్త అటూఇటూ. నాన్న తోడు వస్తానన్నాడు, కానీ మే నెలలో పెళ్ళిళ్ళు వదులుకుంటే ఆ ఏడాది బండి నడవదు. నేనే వద్దన్నాను. సికింద్రాబాదులో పగటి ఎండ, షోలాపూర్ దగ్గర చుట్టూ తెలుగు మాటలు. అంత దూరంలో ఎవరో "జరగమ్మా, కాస్త చోటివ్వు" అంటే ప్రాణం లేచివచ్చింది. అర్ధరాత్రి స్టేషన్ బయటికి వెళ్ళకండి. మహిళల వెయిటింగు గదిలో తెల్లారేదాకా కూర్చున్నాను. ఆ తర్వాత రోజుకు 400 చొప్పున డార్మిటరీలో అయిదు రాత్రులు.

లా కాలేజీ రోడ్డులో ఆ గేటు దాటగానే నాకు కనిపించింది కాలేజీ కాదు, పాత స్టూడియో. ప్రభాత్ ఫిల్మ్ కంపెనీ 1929లో కొల్హాపూర్‌లో పుట్టి, 1933లో పూణేకు వచ్చి ఇక్కడ స్థిరపడింది. అది మూతపడ్డాక ఆ చోటులోనే 1960లో ప్రభుత్వం ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. టీవీ విభాగం మొదట ఢిల్లీలో ఉండేదట, 1974లో ఇక్కడికి వచ్చింది. బెంగాలీ సినిమా దర్శకుడు ఋత్విక్ ఘటక్ పాఠాలు చెప్పారనే మామిడిచెట్టు కింద పిల్లలు టీ తాగుతున్నారు. అందరూ ఆ చెట్టు దగ్గర ఫొటోలు తీసుకున్నారు. నన్ను మాత్రం ప్రభాత్ వాళ్ళ చిహ్నం పట్టి నిలబెట్టింది. ఒక అమ్మాయి వెనక్కి వంగి, ఆకాశంలోకి తుతారీ అనే బూర ఊదుతూ ఉంటుంది. నోటి దగ్గర సన్నగా, చివర విచ్చుకుని, అచ్చం మా గరాటా. నాన్న కొట్టు బోర్డు మీద ఉండవలసిన బొమ్మ.

ఇంటర్వ్యూకు ముందు ఒక రోజు పాఠం లాంటిది పెట్టారు. శబ్దాలు వినిపించి మాట్లాడించారు. అక్కడ ధర్మాబాద్ అబ్బాయి ఒకడు పరిచయమయ్యాడు, ఎడిటింగుకు వచ్చాడు. నాందేడ్ జిల్లా, ఇంట్లో తెలుగు, నోట్లో సగం మరాఠీ. "అక్కా, నాకు ఎరుపూ ఆకుపచ్చా సరిగ్గా తెలియవు" అన్నాడు మెల్లగా. రంగులు తెలియనివాళ్ళను కొన్ని కోర్సులకు తీసుకునేవారు కాదు. సుప్రీంకోర్టు 2022లో అలా ఆపడానికి వీల్లేదన్నాక వాడి లాంటివాళ్ళకు దారి తెరుచుకుంది. తీర్పు కాగితం మడిచి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. ఎవరూ అడగలేదు, అయినా దాన్ని జేబులోనే ఉంచుకున్నాడు.

నా వంతు రెండో రోజు మధ్యాహ్నం వచ్చింది. అయిదుగురు కూర్చున్నారు. ఇరవై రెండు నిమిషాలు. నాన్న పని చెప్పగానే ఒకాయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. మైకు సెట్టు వైరు ఎంత దూరం పోతుందని అడిగారు. అర కిలోమీటరు అన్నాను. అంత దూరం శబ్దం ఎలా చేరుతుందన్నారు. మామూలుగా పంపితే దారిలోనే చచ్చిపోతుంది, అందుకని 100 వోల్టుల లైను మీద పంపి, ఒక్కో గరాటా దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో దించుకుంటాం అన్నాను. జాతరలో చివరి గరాటా పాట వెనకబడినట్టు ఎందుకు వినిపిస్తుంది? కరెంటు వెంటనే పోతుంది గానీ గాలిలో శబ్దం నడిచే పోవాలి కదా. సెకనుకు సుమారు 340 మీటర్లు. నూట డెబ్బై మీటర్ల అవతలి గరాటా మనకు అర సెకను ఆలస్యం. అందుకే నాన్న అన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పి కడతాడు.

ఆ తర్వాత ఒకావిడ హిందీలో, మైకు అరిచేది ఎందుకని అడిగారు. గరాటా నుంచి వచ్చిందే మళ్ళీ మైకులోకి దూరి, తిరిగి పెరిగి, ఆ చక్రం ఆగదు. నాకు తెలుసు. ఫీడ్‌బ్యాక్ అనే మాట మాత్రం నోటికి రాలేదు. మా కొట్లో అది కూత. ఏమనాలో తెలియక, గొంతుతో ఆ కూత కూసి చూపించాను, చిన్నగా మొదలై పెరిగేది. అయిదుగురూ నవ్వారు. ఇంకో రకంగా కూడా కూయగలవా అన్నారు ఆవిడ. సన్నది మైకు గరాటాకు దగ్గరైతే వచ్చేది, బొంగురుది హాలు చేసేది అని రెండూ కూశాను.

అక్కడితో ఆపి ఉంటే మూడేళ్ళ కోర్సు వచ్చేదేమో. నాకు నచ్చిన ఒక సినిమా శబ్దం గురించి చెప్పమన్నారు. నేను పాటల గురించి చెప్పాను. "పాట తీసేస్తే ఆ సన్నివేశంలో ఏమి వినిపిస్తుంది?" అన్నారు. గుర్తు లేదు. అన్నిసార్లు చూసిన సినిమాలో గాలి ఉందో లేదో, అడుగుల చప్పుడు ఉందో లేదో నేను వినలేదు. కొమ్ము పనివాడి ఆకురాయి సంగతి చెప్పి కొంత సర్దుకున్నాను. కానీ ఆ నిశ్శబ్దం, నాది, దాదాపు అర నిమిషం, నాకు ఇప్పటికీ వినబడుతుంది.

జూలై 14న ఫలితం. సినిమా సౌండులో వెయిటింగు జాబితా, నాలుగో పేరు. టీవీ సౌండులో ఎంపిక. అమ్మ మొదటి ప్రశ్న "ఇది ఎం.ఏ.తో సమానమేనా?" మూడేళ్ళ డిప్లొమాకు విశ్వవిద్యాలయాల సంఘం 2017లో ఆ గుర్తింపు ఇచ్చింది, నాకు వచ్చింది అది కాదు, ఏడాది సర్టిఫికెట్. రెండు రోజులు ఇంట్లో పెద్దగా మాటల్లేవు. డబ్బు లెక్క వేస్తే మాత్రం నాన్న ముఖం తేరుకుంది. సినిమా విభాగంలో 2013లో ఏడాదికి 55,380 రూపాయలున్న ఫీజు 2020 నాటికి 1,18,323 అయింది. దీని మీదే 2019 డిసెంబరులో విద్యార్థులు నిరాహార దీక్షకు కూర్చున్నారు. అలాంటివి మూడేళ్ళంటే మా పద్నాలుగు గరాటాలూ అమ్మినా చాలవు. ఒక్క ఏడాదయితే అప్పు చేసి గట్టెక్కవచ్చు. వచ్చిన కోర్సు మీద నాకు ప్రేమ అక్కడే మొదలైందని ఒప్పుకోవాలి.

సీటు ఖాయం చేసుకోవడానికి వారం గడువు. అప్పుడు తెలిసింది, నా ఓబీసీ పత్రం నవంబరు నాటిదని, ఏప్రిల్ తర్వాత ఇచ్చినది కావాలని. ఆర్థిక సంవత్సరం మారింది. మళ్ళీ అవే మెట్లు. ఈసారి గుమస్తా పెద్దాయన నన్ను చూడగానే "ముగ్గురూ వచ్చారా?" అన్నారు. ఈసారి నవ్వాను. నాలుగు రోజుల్లో చేయించి ఇచ్చారు. టీ తాగమన్నా తాగలేదు.

చేరిన రోజు ఫారంలో రాష్ట్రం దగ్గర ఒడిశా అని, మాతృభాష దగ్గర తెలుగు అని రాస్తే, కౌంటరులో ఉన్నాయన రెండూ చూసి ఏదో ఒకటి తప్పయిందేమో చూసుకోమన్నారు. తప్పు కాదన్నాను. ఆయన ఒడిశా మీద వేలు పెట్టి ఇంకోసారి అడిగారు. నేను ఇంకోసారి చెప్పాను. ముద్ర వేశారు. ధర్మాబాద్ అబ్బాయికి ఎడిటింగు రాలేదు, వచ్చే ఏడు మళ్ళీ రాస్తాడట. నా వెయిటింగు నాలుగో పేరు రెండో పేరు దాకా జరిగి అక్కడ ఆగింది.

నిన్న రాత్రి నాన్న ఫోను చేశాడు. వెనక సన్నాయి, జనం, కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు. "కొత్త కల్యాణ మండపం అమ్మలూ, గంట నుంచి కూస్తోంది. విను" అని ఫోను పైకెత్తాడు. విన్నాను. బొంగురుది. హాలుదే, మైకుది కాదు. వెనక గోడకు ఎదురుగా ఉన్న గరాటాను గుమ్మం వైపు తిప్పమన్నాను. నిచ్చెన వేసిన చప్పుడు, ఎవరినో పట్టుకోమని కేకేయడం, బోల్టు తిప్పిన కిర్రు. కూత ఆగింది. "సరే, భోంచెయ్యి" అని పెట్టేశాడు.